నర్సమ్మగారి రెండు నిమిషాలు

వేదిక మీది పెద్దలకి, ఎదురుగా కూర్చున్న అమ్మలకి, అయ్యలకి నమస్కారమండి. మన నర్సమ్మ నాగేశ్వరిగారు మనల్ని వదిలి ఇవాళ్టికి పదకొండు రోజులు. మొగల్తూరు చుట్టుపక్కల ఎవరు పోయినా మైకు కట్టేది ఈ గణేష్‌బాబే. ఆ మైకులో మాట్లాడమనడం మాత్రం ఇదే మొదటిసారి. తొమ్మిదో క్లాసు రెండుసార్లు చదివి వదిలేసినవాణ్ణి. పైగా నేను ఏడ్చినా నాటకమేనని నవ్వే ఊరు మనది. తప్పు మీది కాదు లెండి, నాదే.

రెండువేల సంవత్సరంలో పోలియో చుక్కల ఆదివారం గుర్తుందా? ఆటోకి మైకు కట్టి చాటమని ఆవిడ నాకు అప్పజెప్పారు. చాటాను. చుక్కలు వేయించుకున్న ప్రతి బిడ్డకీ స్టీలు గ్లాసు ఉచితమని కూడా చాటాను! జనం విరగబడ్డారు. గ్లాసులు లేవు. తల్లులందరూ ఆవిడ మీదకి వెళ్ళారు. ఇంకొకరైతే నన్ను పోలీసులకి అప్పగించేవారు. ఆవిడ ఏం చేశారు? ముందుగా, వచ్చిన పిల్లలందరికీ చుక్కలు వేశారు. తర్వాత నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, ఒక్కొక్క తల్లికీ పేరుపేరునా క్షమాపణ చెప్పించారు. నూట నలభై మూడు క్షమాపణలండీ! ఆఖర్న, "గొంతు బావుందయ్యా. ఈసారి నిజం చెప్పి ఇంతమందినీ తీసుకురా" అన్నారు. తీసుకొచ్చాను కూడా.

ఇక రెండేళ్ళ తర్వాత సంగతి. ఒక పెళ్ళిభోజనం తిని విరేచనాలు పట్టుకుని, తగ్గిన పదిరోజులకి, పొద్దున్నే అరుగు మీంచి లేవబోతే కాళ్ళు రాలేదు. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది. కేకలు పెట్టాను. ఎవరొచ్చారు? అందరూ వచ్చారు. ఎవరు నమ్మారు? ఒక్కళ్ళూ నమ్మలేదు. అంతకుముందు వినాయక చవితికి పాము కరిచిందని సబ్బు నురగ కక్కి చూపించినవాణ్ణి మరి! మా ఆవిడ సూర్యకళ, "వేషాలు చాలుగానీ లేవండి" అంది. దొరబాబు, అదిగో ఆ స్తంభం చాటుకి జరుగుతున్నాడే, వాడు చెంబుడు నీళ్ళు నెత్తిన పోశాడు. మధ్యాహ్నానికి నా వేళ్ళు గ్లాసు కూడా పట్టలేకపోయాయి. అప్పటికీ నవ్వులే.

నర్సమ్మగారు అటుగా వెళ్తూ ఆగారు. నన్నేమీ అడగలేదు. అరుగు అంచున కూర్చోబెట్టి, కాళ్ళు వేలాడదీయించి, అరచేతి అంచుతో మోకాలిచిప్ప కింద కొట్టారు. మంచి కాలైతే దానంతటదే ఎగిరి తన్నాలి. నాది కదల్లేదు. రెండోదీ కదల్లేదు. "నోటితో ఎన్ని నాటకాలైనా ఆడతాడు. మోకాలితో ఆడలేడు. కారు పిలవండి" అన్నారు. పిల్లలకి ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడితే ఏం చూడాలో పోలియో పనిలో నర్సులకి ట్రైనింగు ఉంది. అది పదిహేనేళ్ళ లోపువాళ్ళకి కదండీ, ఇతనికి ముప్ఫై ఎనిమిదని ఎవరో అన్నారు. "బుద్ధికి ఇంకా పదిహేను నిండలేదులే" అన్నారావిడ.

కార్లో పక్కనే కూర్చుని, ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమన్నారు. పాలకొల్లులో ఇరవై రెండు దాకా చెప్పాను. రావులపాలెంలో పదహారు. కాకినాడ చేరేసరికి తొమ్మిది. ఊపిరి కండరాలు కూడా వదిలేస్తున్నాయని ఆ అంకెల్ని బట్టే తెలుసుకుని డాక్టర్లు నన్ను తిన్నగా ఊపిరి మిషను దగ్గరికి తీసుకెళ్ళారు. పంతొమ్మిది రోజులు గొంతులో గొట్టం. ఊరంతా ప్రశాంతం! ఒంట్లో రోగాన్ని తరమాల్సిన శక్తే పొరపాటున నరాల మీది పొరని తినేసిందట. మైకువాణ్ణి కదా, నాకు తేలిగ్గానే అర్థమైంది. ఆంప్లిఫయరు బాగుంది, స్పీకరు బాగుంది, మధ్యలో వైరు మీది తొడుగు ఊడింది.

ఇంటికొచ్చాక నాలుగు నెలలు ఆవిడ డ్యూటీ దిగి మా అరుగు ఎక్కేవారు. నడుము పట్టుకుని లేపి, జాకెట్టుకి పిన్నుతో పెట్టుకున్న వాచీ చూస్తూ, రెండు నిమిషాలు నిలబెట్టేవారు. పది సెకన్లకే కూలబడేవాణ్ణి. ఆవిణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. ఒకరోజు ఇక నా వల్ల కాదు, వదిలేయండి అని ఏడ్చాను. ఆవిడ ఏమన్నారో తెలుసా? "వదిలేస్తే ఎలాగయ్యా? రేపు నా సంతాప సభకి మైకు కట్టేది నువ్వే. రెండు నిమిషాలు నిలబడలేనివాడివి మౌనం ఏం పాటిస్తావు?"

ఆవేళ రెండు నిమిషాలూ నిలబడ్డానండి.

ఆవిడకి ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదు. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ ఏదో వేళాకోళం ఆడి తిరిగొచ్చాను. ఇవాళ చెబుతున్నాను. నా నోటిని మీరు నమ్మక్కర్లేదు. నా మోకాళ్ళని చూడండి.

ఆ వాచీ వాళ్ళమ్మాయి శృతి చేతిలో ఉంది. టైము తనే చూస్తుంది. అచ్చాయమ్మగారూ, కాళ్ళు సహకరించని మిగతావాళ్ళూ, మీరు కూర్చోండి. అలాంటివాళ్ళని ఆవిడ ఎన్నడూ తక్కువగా చూడలేదు. మిగిలినవాళ్ళందరం లేద్దాం. మైకు ఆపేస్తున్నాను.

లేవండి.