రాఘవేందర్ పట్టుకున్న కరెంటు

యాప్రాల్‌లో ఆ చాయ్ బండి దగ్గర రాఘవేందర్ మాట అందుకున్నాడంటే ఎవరి గ్లాసైనా చల్లారాల్సిందే. ఆ ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంటు జనం బెంచీల మీద చేరారు. కింద లాబీలో పెద్ద అక్వేరియం పెడుతున్నారు. దాన్ని చూసుకునే బాధ్యత ఎవరికివ్వాలో ఇవాళ తేల్చేస్తానన్నాడు ప్రెసిడెంటు రామభద్రరావు. అది రాఘవేందర్‌కి కావాలి. అంతకంటే ముఖ్యంగా, ఉదయ్ భాస్కర్‌కి దక్కకూడదు.

ఉదయ్ భాస్కర్ కాకినాడ నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు, మూడో అంతస్తులో గోడంత ట్యాంకు పెట్టాడు. అంతకుముందు బిల్డింగు పిల్లలంతా "అంకుల్, చేపలు చూస్తం" అంటూ రాఘవేందర్ ఇంటికే వచ్చేవారు. ఇప్పుడు వాళ్ల చెప్పుల చప్పుడు అతని తలుపు దాటి పైకి పోతోంది. భార్య వసుధ కూడా ఒకరోజు పైకెళ్లి చూసొచ్చి, "మస్తుగున్నయి" అంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. అసూయే, దానికి ఇంకో పేరు లేదు.

"నీళ్లను, కరెంటును పక్కపక్కన పెట్టుకొని కాపురం చేసుడు అందరితోని అయ్యే పని కాదు," అని షురూ చేశాడు. "మా ట్యాంకు ఫిల్టర్ వైరు మీదికెళ్లి ఒకసారి ఒక్క చుక్క జారుకుంట ప్లగ్గు దిక్కు పోతున్నది. చూసిన. వైరును ప్లగ్గు కంటే కిందికి ఉయ్యాల లెక్క వేలాడదీసిన. చుక్క కిందిదాక దిగింది, మల్ల పైకి ఎక్కలేక నేల మీద పడ్డది. ప్లగ్గు పొడిగనే ఉన్నది. గంతే."

"మంచి ఉపాయమండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్, నిజంగానే మెచ్చుకుంటూ. ఆ వెంటనే ఫోన్ తీసి తన ట్యాంకు ఫోటో పక్కవాళ్లకి చూపించాడు. తలకాయలన్నీ అటు వంగాయి. రామభద్రరావు కళ్లజోడు కూడా పెట్టుకున్నాడు.

రాఘవేందర్ కడుపు భగ్గుమంది. ఒక్క చుక్కతో పనయ్యేలా లేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?" గొంతు పెంచాడు. "అద్దం అతుకు టప్పుమన్నది. నీళ్లు పిచికారీ కొట్టినట్టు కొడుతున్నయి. బొటనవేలు పెట్టి ఆపిన. ఇంకో మూలకు టప్పుమన్నది, మోచెయ్యి పెట్టిన. కిందికి చూస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు నీళ్లల్ల పడవ లెక్క తేలుతున్నది."

"మెయిన్ బంద్ చెయ్యలేదా అన్నా?" అడిగాడు జెరెమియా. రాఘవేందర్‌ది, అతనిది ఎదురెదురు ఫ్లాట్లు.

"మీ వదినె చేసింది. కానీ ఇన్వర్టర్ ఉన్నది కద తమ్మీ. మెయిన్ బంద్ చేస్తే అది సుత బంద్ అయితదా? వచ్చేసింది కరెంటు నీళ్లల్లకు. చేపలన్నీ సీరియల్ లైట్ల లెక్క వెలిగినయి. ఎర్రగ, పచ్చగ, ఒకటి ఆరంగనే ఇంకోటి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఉదయ్ భాస్కర్ మాత్రం ఫోన్ జేబులో పెట్టేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. అది చూసి రాఘవేందర్‌కి రెక్కలొచ్చాయి.

"ఇగ లాభం లేదని కరెంటును పిడికిట్ల పట్టుకున్న. అది నన్ను గుంజుతున్నది, నేను దాన్ని గుంజుతున్న. నేనేం తక్కువ? నా గుంజుడుకు ఇంట్ల ఉన్న కరెంటు అయిపోయి సైనిక్‌పురి కరెంటు వచ్చుడు షురువైంది. ఇంకా గుంజిన. బోయిగూడది సుత వచ్చింది. లైన్‌మన్ ఉరుక్కుంట వచ్చి కాళ్ల మీద పడ్డడు. 'సార్, జెర వదలుండ్రి, బోయిగూడల పెండ్లి ఆగింది, పిల్లగాడు చీకట్ల ఎవరి మెడల తాళి కడ్తడో ఏమో' అన్నడు. వదిలిన. పెండ్లి అయింది. ఆ పిల్ల తండ్రి ఇప్పటికీ బోనాలకు నన్ను పిలుస్తడు."

"మరి చేపలు?" అన్నాడు రామభద్రరావు.

"ఒక్కటి చావలే. అవే చేపలు, అదే ట్యాంకు. ఇప్పటికీ ఇంట్లనే ఉన్నయి."

"ఇంత అనుభవం ఉన్న మనిషి ఉండగా నేనెందుకండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్. "లాబీ ట్యాంకు ఆయనకే ఇచ్చేయండి."

గెలిచాడు. రాఘవేందర్‌కి ఆ చాయ్ అమృతంలా దిగింది. అంతలో రామభద్రరావు లేచాడు. "సరే అయితే. అందరం వెళ్లి ఒకసారి ఆ ట్యాంకు చూసొద్దాం పదండి."

"ఇప్పుడా? ఇప్పుడు అవి పండుకుంటయి."

జెరెమియా గ్లాసు కింద పెట్టాడు. "పండుకోనీ తియ్యన్నా. నిన్న కూరకు తక్కువైతే మా ఇంటామె మీ ఇంటికొచ్చింది. వదినె ఆ ట్యాంకుల చెయ్యి పెట్టి ఉల్లిగడ్డలు తీసిచ్చింది. షాక్ గిట్ల ఏం కొట్టలేదంట."

బెంచీలు కదిలేలా నవ్వారు. చాయ్ పోసేవాడూ నవ్వాడు. రాఘవేందర్ తన ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అతుకు టప్పుమన్న మాట నిజమే. ఆ రోజే చేపల్ని కొన్న షాపుకి తిరిగిచ్చేశాడు. అప్పటికే పిల్లలు రావడం మానేశారు గనక ఎవరికీ తెలియలేదు.

ఉదయ్ భాస్కర్ ఒక్కడే నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు: "ఆ వైరు సంగతైనా నిజమేనా అండీ? మా ట్యాంకు కింద ప్లగ్గు రోజూ తడుస్తోంది. ఎక్కడ కారుతోందో తెలియట్లేదు."

రాఘవేందర్ తలెత్తాడు. ఇన్నాళ్లుగా మండుతున్న కడుపు ఆ ఒక్క మాటతో చల్లబడింది.

"కారుతున్నదా?" అన్నాడు, ఇంకో చాయ్‌కి సైగ చేస్తూ. "జెర నిమ్మళంగ, మొదటికెళ్లి చెప్పు."