పాతరాత పదిహేనో వెర్షన్

నా పేరు పెనుమర్తి జోగారావు. వయసు 51 సంవత్సరాలు. శేరిగూడలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగం లెక్చరర్‌ని. నివాసం ఇబ్రహీంపట్నం. సొంత ఊరు తణుకు దగ్గర. ఈ రోజు 18-7-2022 ఉదయం 11 గంటలకు ఇబ్రహీంపట్నం పోలీసు స్టేషన్‌లో ఎస్సై లింగస్వామి గారు అడగగా చెబుతున్నాను.

నా భార్య కిరణ్మయి అదే కాలేజీలో కంప్యూటర్లు చెప్పేది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును ఇప్పటి కంప్యూటర్లు చదివేలా మార్చే ప్యాకేజీ ఒకటి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. పేరు 'పాతరాత'. ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎవరైనా దించుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోవచ్చు. ఆరేళ్ళలో పద్నాలుగు వెర్షన్లు విడుదల చేసింది. ప్రతి వెర్షన్నీ ముందు 1998లో కొట్టించిన మా పెళ్ళిపత్రిక ఫైలు మీద పరీక్షించేది. నా పేరు సరిగ్గా వచ్చాకే విడుదల చేసేది. ఆ ఫైలు ప్యాకేజీలోనే ఉండేది.

ఆమె 9-6-2022 ఉదయం 6.40కి చనిపోయింది. పన్నెండో రోజున ఆమె చీరలు, పుస్తకాలు అడిగినవాళ్ళకు ఇచ్చేశాను. కుట్టుమిషన్ మా పనిమనిషి జంగమ్మ తీసుకెళ్ళింది. మర్నాడు 21వ తేదీన కిరణ్మయి మెయిల్‌కు శ్యామ్ అనే పేరుతో ఉత్తరం వచ్చింది. "సార్, అక్క పోయారని తెలిసింది. పాతరాత ఆగిపోకూడదు. నన్ను ఓనరుగా కలపండి, నేను చూసుకుంటాను" అని ఉంది. అతనెవరో నాకు తెలియదు. ఫోన్ చేసి కనుక్కోలేదు. అక్క అన్నాడు. చీరలు ఇచ్చినట్టే ఇచ్చాను. ఆమె లాప్‌టాప్ తెరిచి మధ్యాహ్నం 3.15కి అతని పేరు నేనే కలిపి, కలిపానని జవాబిచ్చాను.

రెండు రోజులకు అతను, కొత్త వెర్షన్లు పెట్టే హక్కున్న ఓనర్లలోంచి ఆమె పేరు తీసేశాడు. 3-7-2022న పదిహేనో వెర్షన్ పెట్టాడు. అది దించుకున్న కంప్యూటర్లలోని పాస్‌వర్డ్‌లు బయటికి పోయాయి. రావిర్యాల దగ్గరి ఒక ఆఫీసు ఫిర్యాదు ఇచ్చింది. రాసినవారి పేరు దగ్గర మాత్రం ఆమె పేరే ఉంచాడు. అందుకే ఫిర్యాదులో నిందితురాలు కిరణ్మయి. ఆ వెర్షన్‌లో పెళ్ళిపత్రిక ఫైలు లేదు. నేను ఇంటర్నెట్‌లో ప్యాకేజీ పేజీ తెరిచి చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

ఎస్సై గారు టీ తెప్పించారు.

"సార్, జర ఇనుండ్రి. మేడం లేదు. సచ్చిపోయినోళ్ళ మీద కేసు నడవది. మూసేస్తం. మీరెందుకు నెత్తిన పెట్టుకుంటున్నరు?"

మూసేస్తే ఫైల్లో ఎవరి పేరు ఉంటుందని అడిగాను.

"మేడందే ఉంటది. ఎవరు జూస్తరు సార్ గది?"

"నేను చూస్తాను."

"మీ నౌకరీ పోతది సార్. జర సోచాయించుండ్రి."

ఆలోచించే వచ్చానని చెప్పాను.

శ్యామ్ మెయిల్, నేనిచ్చిన జవాబు, ఆమె మరణ ధ్రువపత్రం జతచేశాను. ఆమె పద్నాలుగు వెర్షన్లలో ఏ దోషమూ లేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పగించింది నేను. ఇదంతా నా నిర్లక్ష్యం వల్ల జరిగింది. ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయమని కోరుతున్నాను.

పైదంతా రైటరు గారు నాకు చదివి వినిపించారు. ఒక్కచోట తప్ప నేను చెప్పినట్టే ఉంది. 'భార్య నిర్లక్ష్యం వల్ల' అని ఉన్నచోట 'నా నిర్లక్ష్యం వల్ల' అని దిద్దించాను. దిద్దినచోటా, ఇక్కడా సంతకం చేశాను.

(సం) పె. జోగారావు