కొట్టేసిన మాట

నాయన నలభయ్యో దినం ఫాతిహా అయిన మర్నాడు, పెనుకొండలో దస్తావేజులు రాసే పెద్దాయన ముందు ఆరిఫా ఒంటరిగా కూర్చుంది.

“చిన్నాయన ఇల్లు ఖాళీ చేయమంటాండాడు సార్. నా ఆధార్‌లో నాయన పేరే ఉండాది కదా?”

“ఉన్నా, మీ షరియత్‌లో పెంచుకున్న బిడ్డకు వాటా లేదు పాపా. వీలునామా ఉంటే మూడోవంతు దాకా వచ్చేది.”

“నాయన రాయించలేదా?”

“రాయించేకి వచ్చినాడు. ‘పెంపుడు కూతురు’ అని రాస్తిని. ‘పెంపుడు’ తీసెయ్యమన్నాడు. తీసేస్తే అబద్ధమైతాది, కాగితం నిలబడదంటిని. పెన్ను లాక్కుని ఆ మాట తానే కొట్టేసి, సంతకం పెట్టకుండా లేచిపోయినాడు.”

“ఆ కాగితం ఉండాదా?”

“ఉండాది. యాడా పనికిరాదు.”

“నాకియ్యండి సార్. నన్ను కూతురనేటోళ్లు ఇంకెవరూ లేరు. ఆ కాగితమన్నా అంటాది.”