పేరుకున్న నూనె

వద్దు దొరా, నేను కూర్చోను. పొద్దుగాల నుంచి మీ పోలీసు థానా వరండాల కూర్చుండే ఉన్న. మూడుసార్లు పేరు పిలిచిండ్రు, మూడుసార్లు ఆగమన్నరు. మీ చప్రాసీ నన్ను చూసి ముక్కు మూసుకుంటడు. ఆముదం వాసనట. ముప్పై ఏండ్ల వాసన అది, ఒక్క స్నానంతోని పోతదా?

పేరా? రామనర్సయ్య. డోర్నకల్‌ల పుట్టిన. నిజాం రైలుబండ్ల ఇరుసులకు పద్దెనిమిదేండ్లు నూనె పోసిన. ఈ కలప కంపెనీ ట్రాలీ లైనుకు వచ్చి పన్నెండో ఏడు. గవాహీ, సాక్ష్యం చెప్పమని పిలిచిండ్రు, చెప్త. కానీ ఆ మున్షీగారిని కలం కింద పెట్టమనండి. నేను నోరు తెరవకముందే ఆయన సగం కాగితం నింపిండు. ఏం రాసిండో ఆయనకే తెలవాలె.

మీ ముందర ఉన్న రిపోర్టు ఎవరిదో నాకెరుక. కంపెనీ జమాదారుది. శుక్రవారం నాడు ట్రాలీ బండి దిగువకు పోతుంటే మూల తిరిగే కాడ ఇరుసు విరిగింది, దుంగలు దొర్లినయ్, వెనక బ్రేకు మీదున్న ఆయతు కింద పడి చచ్చిపోయిండు. ముందు బ్రేకు మీదున్న భీమా ఇరుసుపెట్టెల నుంచి నూనె దొంగిలించిండు గనకనే ఇట్ల అయింది. అంతే గదా రాసింది? చదవకుండనే చెప్పిన చూడండి.

ఆ జమాదారు సంగతి చెప్పమంటరా? ఎక్కడో సముద్రం రేవుల మూటల కాడ కావలి ఉన్నోడు. చేతికి కర్ర ఇచ్చిండ్రు, నెత్తికి పాగా ఇచ్చిండ్రు, పెద్దమనిషైండు. ఇరుసు ఏదో, బ్రేకుకట్టె ఏదో చూపించమంటే వానికి చేతగాదు. అసొంటోడు రాసిన కాగితం మీద ఒక మనిషిని జగదల్‌పూర్ జైలుకు పంపుతరా మీరు?

సరే, సరే. మీరింకా పంపలే. ఒప్పుకున్న.

మీరు లైను చూడలేదు గదా. చెప్త వినండి. కొండ మీద నుంచి శబరి ఒడ్డు దాక ఎనిమిది మైళ్ళు సన్నపట్టాలు. ఇంజను లేదు. పైన టేకుదుంగలు ఎక్కిస్తే బరువుకు బండే దిగివస్తది. ముందొకడు, వెనకొకడు బ్రేకుకట్టె పట్టుకుని నిలబడతరు. ఒడ్డుకు వచ్చినంక దుంగలు దింపి తెప్పలు కడతరు. ఖాళీ బండిని దున్నపోతులు మళ్ళ పైకి గుంజుతయ్. ఇంతే, ఇందుల పెద్ద విద్య ఏం లేదు.

విద్య అంతా ఇరుసు కాడ ఉంది. బండి బరువు ఎక్కడ పడ్తది? చూసిండ్రా, మీరు గూడ చక్రం మీదనే అంటున్నరు. అందరు అట్లనే అంటరు. ఇరుసు కొస మీద పడ్తది దొరా. ఆ కొస మీద ఇత్తడి దిమ్మె కూర్చుంటది. ఇత్తడికి, ఇనుముకు నడుమ నూనె పొర ఉంటది, వెంట్రుకంత మందం. అది ఉన్నంతసేపే బండి. అది పోతే కొలిమి.

అందుకని కొసకు ఒక ఇనుప పెట్టె. పెట్టెల నూలుపోగుల ముద్ద. ముద్ద నిండ ఆముదం. ఆ ముద్ద ఇరుసును కింద నుంచి ఆనుకుని ఉండాలె, తిరిగినకొద్దీ నూనె అంటించాలె. గట్టిగ కుక్కితే పోగులు నూనె గుంజవు. వదులుగ పెడితే కిందికి జారిపోతది. ఎంత కుక్కాలె అనేది చేతికి తెలుస్తది, పుస్తకానికి తెల్వదు.

పుస్తకమంటే మా ఓవర్సీరు యాదికొచ్చిండు. భూషణం గారు. రాజమండ్రి మనిషి. ఎండల గూడ బూట్లు విప్పడు. బండి దిగివస్తే నేను పెట్టెకు చేయి ఆనించి చూస్త, అరచేయి కాదు, వెనకపక్క. వేడి ఎంతుందో అక్కడ తెలుస్తది. ఆయన చేతికి జేబురుమాలు చుట్టుకుని ముట్టుకుంటడు. ముట్టుకుని, ఊఁ, బాగుంది అంటడు. రుమాలుకు ఏం తెలుస్తది, చెప్పండి?

పోయిన నెల ఆయనకు చలిజ్వరం పట్టింది. మంచి దోమలు మావి, బూట్లను చూసి భయపడవు. డోలీల భద్రాచలం మోసుకపోతుంటే నన్ను దగ్గరికి పిలిచిండు. రెండు దుప్పట్లు కప్పుకున్నడు, పండ్లు టకటకమంటున్నయ్. ‘రామనర్సయ్యా, ఆముదం అడుగంటింది. కొత్త డబ్బాలు వచ్చేదాక బండ్లు ఆపెయ్’ అన్నడు. సరే బాబూ అన్న. లోపల నవ్వుకున్న. ముప్పై ఏండ్లల నా చేతి కింద బండి నూనె లేక ఆగలే. ఈయన వచ్చి రెండేండ్లు నిండలే.

డబ్బాలు రాలే. తెచ్చే ఎడ్లకు గాలికుంటు తగిలి, డెక్కలు పుండ్లు పడి, బండి కొంటా ఊరి అవతల్నే నిలబడిపోయింది. పది రోజులు చూసిన. పైన దుంగలు గుట్ట పడ్డయ్. ఒడ్డున తెప్పలు కట్టేటోళ్ళు ఊరికె కూర్చుని నన్ను చూసి గుసగుసలాడుతున్నరు. నన్ను చూసి. ఉత్త తెప్పలు కట్టేటోళ్ళు.

మరి ఏం చేసిన అంటరా? ఆగండి, అక్కడికే వస్తున్న.

ఇక్కడ ప్రతి ఇంట్ల ఇప్పనూనె ఉంటది. ఇప్పసారా సంగతి మీ సిపాయిలకు బాగనే తెలుసు, నూనె సంగతి తెల్వదు. పూవు రాలినంక కాయ, కాయల గింజ. గింజలు దంచి, ఆవిరి పట్టి, రెండు మొద్దుల నడుమ పెట్టి పిండుతరు. కూరకు అదే, దీపానికి అదే, కాళ్ళ పగుళ్ళకు అదే. నేను వేళ్ళ నడుమ పెట్టి రాసి చూసిన. ఆముదమంత జిగురు లేదు గాని, పనికొస్తది అనుకున్న.

మున్షీగారూ, ఇంకా రాయకండి. కలం ఎత్తిండు చూడండి మళ్ళ.

సుక్కి అని ఒక దోర్ల తెగ ఆడమనిషి ఉంది. భీమా పెండ్లాం. చచ్చిపోయిన ఆయతు ఆమెకు సొంత తమ్ముడు. ఆమె కాడ ఉప్పు ఇచ్చి రెండు కుండల నూనె తీసుకున్న. ఇచ్చినంక పోవచ్చు గదా, పోలే. నిలబడింది. ఇంత నూనె దేనికి అని అడిగింది. బండికి అన్న. కుండల దిక్కు చూసి, ‘చలికి ఇది గడ్డ కడ్తది అయ్యా. ఈ నెలల పొద్దుగాల కుండల చేయి పెడితే వెన్నలెక్క వస్తది. మేము పొయ్యి పక్కన పెట్టుకుంటం’ అన్నది.

నేనేమన్ననో చెప్త. ‘నువ్వు కూరకు పోస్తవు, నేను ఇరుసుకు పోస్త. ఇరుసు తిరిగితే అదే పొయ్యి. పో, పోయి వంట చూసుకో’ అన్న. కూలోళ్ళు నవ్విండ్రు. నేను నవ్వితే నవ్వుతరు వాళ్ళు. ఆమె నవ్వలే. ఇంకోసారి చెప్పింది, నాతోని కాదు, తమ్మునితోని, వాళ్ళ మాటల. ఆయతు నా మొహం చూసిండు. నాకు అర్థం కావాలని తెలుగులనే చెప్పిండు. ‘అయ్యకు తెలుసక్కా’ అన్నడు.

డోర్నకల్‌ల ఇరుసుకు ఇప్పనూనె ఎవడు పోసిండు? అక్కడంతా ఆముదమే. ఏ చలికీ అది గడ్డ కట్టదు. నేను నూనె అంటే నూనెనే అనుకున్న. ఇంట్ల మా ముసలిది, నా పెండ్లాం, ఉంటే అడుగుదును, ఆమె గూడ లేదాయె. అబద్ధం. ఉన్నా అడగకపోదును.

అవును దొరా, నేనే పోసిన. అదే అడుగుతున్నరు గదా ఇందాకటి నుంచి కండ్లతోని.

గురువారం పొద్దు వాలుతుంటే నూనె కాచి, నీళ్ళలెక్క పారుతుంటే రెండు బండ్ల పెట్టెలల్ల పోసిన. ముద్ద మంచిగ తాగింది. చూసి మురిసిపోయిన. ఓవర్సీరు ఉంటే చూపిద్దును అనుకున్న. తెల్లారేసరికి పట్టాల మీద తెల్లగ మంచు. రోజూ బండి కదిలేముందు పెట్టె మూత తీసి ముద్దను నొక్కి చూస్త. ముప్పై ఏండ్లల తప్పలే. ఆ పొద్దు చూడలే.

ఎందుకా? మూత మీద చేయి వేసిన. వేసి, తీసేసిన. తెరిస్తే ఆ ఆడదాని మాట నిజమైతదేమోనని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గనిపిస్తున్నది గాని, అదే కారణం, ఇంకోటి లేదు.

బండి దిగువకు పోయింది. నేను పైన్నే ఉన్న. నూనె ఉన్న ఇరుసు సన్నగ మూలుగుతది. లేని ఇరుసు పందిపిల్లలెక్క కీచుమంటది. కీచుమన్నది. తిరిగే వేడికి నూనె కరగదా అంటరు మీరు. కరుగుతది. కరిగేలోపల ఇత్తడి ఇనుమును కొరికేసింది. గడ్డ కట్టిన ముద్ద ఇరుసుకు అందకుంట పెట్టె అడుగున కూర్చుంది. చెట్ల సందుల నుంచి పొగ కనబడ్డది. భీమా అరుస్తున్నడు, బ్రేకు గుంజుతున్నడు. మూల కాడ కొస తెగింది.

నేను పోయేసరికి ఆయతు మీది దుంగ ఇంకా తీయలే.

జమాదారు వచ్చిండు. విరిగిన పెట్టె కాలిపోయింది. పైన కదలని రెండో బండి ఉంది గదా, దాని మూత తీసి వేలు పెట్టిండు. నూనె కారలే. తెల్లగ, మైనంలెక్క పేరుకుని ఉంది. ‘నూనె ఎవడో పిండుకుపోయిండు, మురికి మిగిలింది’ అన్నడు. కూలోళ్ళు ఇరవై మంది చుట్టూ నిలబడ్డరు. అది ఏందో వాళ్ళందరికి వాసనతోనే తెలుసు, పుట్టినప్పటి నుంచి తింటున్నరు. వాళ్ళు జమాదారును చూడలే. నన్ను చూసిండ్రు, నేను చెప్తనని.

నేను బీడీ ముట్టించుకున్న.

అంతల భీమా ఇంట్ల పొయ్యి పక్కన నూనెకుండ దొరికిందని జమాదారు మనిషి ఉరుక్కుంట వచ్చిండు. కుండ వాసన, పెట్టె వాసన ఒక్కటే అన్నరు. దొంగ దొరికిండు అన్నరు. ఒక్కటే ఉంటది మరి. నేను పోసింది ఆ ఇంటి నూనెనే. భుజం ఎముక విరిగినోనికి చేతులు కట్టిండ్రు. బామ్మర్ది శవం ఊరికి చేరకముందే వీణ్ణి థానాకు నడిపించిండ్రు. అప్పుడన్న చెప్పొచ్చు. చెప్పలే. నాలుగు రోజులు అన్నం తిని, పండి, లేచి, మళ్ళ తిన్న.

మీరు గూడ తక్కువేం కాదు దొరా, కోపం తెచ్చుకోకండి. నాలుగు రోజులు కాగితాలు తిప్పిండ్రు. సుక్కిని పిలిచి ఒక్క మాట అడిగిండ్రా? ఎందుకు అడుగుతరు. నేను అడిగిన్నా?

గేటు కాడ కూర్చున్నది ఎవరనుకున్నరు? ఆమెనే. మొగనికి సొరకాయ బుర్రల జావ తెచ్చింది. మీ సిపాయి లోపలికి రానియ్యలే. వరండాల నేను, గేటు కాడ ఆమె, పొద్దుగాల నుంచి ఎదురుబొదురు. పొద్దెక్కినంక లేచి వచ్చింది. తిడ్తది అనుకున్న. ఆకుదొప్పల ఇంత జావ పోసి నా ముందర పెట్టి, పోయి మళ్ళ అక్కడనే కూర్చుంది. నేను తాగిన.

ఇగ రాయమనండి మున్షీగారిని. భీమా దొంగ కాదు. ఓవర్సీరు బండ్లు ఆపమన్నడు, డబ్బాలు రాకముందే నేను నడిపిన. సుక్కి గడ్డ కడ్తదని చెప్పింది, నేను వినలే. పొద్దుగాల మూత తీసి చూడలే. ఇరుసు విరగడానికి, ఆయతు చావుకు నేనే కారణం. బయాన్ కింద నా దస్తఖత్ పెడ్త, వేలిముద్ర కాదు. నాకు రాయవస్తది. ఆ జమాదారుకు రాదు, ఎవరితోనో రాయించిండు, మీరు చూసుకోలే.

ఒక్కటి అడుగుత దొరా. భీమాను విడిచిపెట్టేటప్పుడు నన్ను వెనక తలుపు నుంచి తీసుకపోమనండి. కొడతరని భయం కాదు. వాళ్ళు కొట్టరు, తిట్టరు, నా దిక్కు వేలు గూడ చూపరు. ‘పాపం, అయ్యకు తెల్వలే’ అనుకుంట పోతరు.

ముప్పై ఏండ్లల నన్ను ఎవరూ ఆ మాట అనలే. అది నేను వినలేను.