అగాధం అని రాసిన చోట

సభకు పెద్దగా కూర్చున్న రేవు అధికారి గారికి, నన్ను పనిలో చేర్చుకుని ఈ రోజు చేతికర్రతో వచ్చిన మా పాత సూపరింటెండెంటు గారికి, సర్వే ఆఫీసు మిత్రులకు, పడవల వాళ్లకు, రెండో వరసలోంచి "త్వరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

రిటైరయ్యే ఈ రోజు దాకా ముప్పై ఆరేళ్లు నేను చేసిన పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సీసపు గుండు కట్టిన తాడును నీళ్లలోకి వదలడం, గుండు నేలకు తగిలాక ఎన్ని బారలు దిగిందో పటంలో రాయడం. వచ్చే నెల ఆ పనికి మెషీను వస్తోంది. అది నోరు విప్పేలోపే నేను ఒక సంగతి చెప్పాలి.

మీరు ప్రేమతో అద్దం కట్టించి ఇచ్చిన ఈ పటం నేను తయారుచేసిన మొదటిది. ఇందులో నది మలుపు దగ్గర అంకె లేదు, 'అగాధం' అని ఉంది. ముందు మాట్లాడిన పెద్దలంతా ఆ మాటను మెచ్చుకున్నారు. ఆ రోజు జరిగింది ఇదీ. ముప్పై బారల తాడు మొత్తం దిగింది, గుండు తగల్లేదు. అప్పుడు రెండో తాడు ముడివేసి దింపాలి, అది పద్ధతి. తడిసి బరువుగా ఉందని దాన్ని షెడ్డులోనే వదిలేసి వచ్చాను. వెళ్లి తేవచ్చు, కానీ కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, క్యారియరేమో ఆఫీసులో ఉంది. ఆ మాట రాసేసి భోజనానికి పోయాను.

పటం అచ్చయ్యాక ఇంట్లో గొప్పగా చూపించాను. మా ఆవిడ భాష చెప్పే టీచరు. "గాధం అంటే కాలు ఆనే చోటండీ, ఏరు నడిచి దాటేవాళ్ల మాట. కాలు ఆనకపోతే అగాధం. అసలు అడుగే లేదని ఎవరు చూసొచ్చారు? ఇంతకీ మీ తాడు ఎంత పొడుగు?" అంది. ఆ లెక్కన మా గుమస్తా గారికి నా ఛాతీ లోతు నీళ్లు కూడా అగాధమేనని నవ్వేసి తప్పించుకున్నాను. (నవ్వులు) గుమస్తా గారూ, మీరు కోపంతో లేవకండి, లేచినా ఎవరికీ తెలీదు. (పెద్దగా నవ్వులు)

పందొమ్మిదేళ్ల కింద, పడవ నడిపే మన పొడుగాటి సరంగు ఉన్నాడే, ఆయన పడవ ఇంజను ఆ మలుపులో ఆగిపోయింది. నా పటాన్ని నమ్మి, ఎలాగూ అడుగు అందదని ఆయన లంగరు దింపలేదు. పడవ కొట్టుకుపోయి రాళ్లకు తగిలింది. మనుషులు బతికారు, పడవ దక్కలేదు. అగాధమని తెలిసీ అటెందుకు వెళ్లావని విచారణలో ఆయన ఉద్యోగం తీసేశారు. పటం సరైనదేనా అని నన్నూ అడిగారు. సరైనదే అన్నాను. రెండో తాడు సంగతి చెప్పలేదు.



అప్పటినుంచి ఆయన పడవలకు రంగులు వేస్తున్నాడు. ఎప్పుడు ఎదురుపడినా "భోజనం అయిందా అన్నా?" అని అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ నాకు ఆ క్యారియరే గుర్తొచ్చేది. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని.

పోయిన ఆదివారం రెండు తాళ్లూ తీసుకుని వెళ్లాను. మా ఆవిడ నోటుబుక్కు పట్టుకుంది. ముప్పై నాలుగు బారలకు గుండు తగిలింది. నాలుగు బారలండీ, అంతే తేడా! ఆయన పడవ లంగరు గొలుసు అరవై బారలు. గుండుకు అంటుకొచ్చిన బురద ఈ డబ్బాలో ఉంది. అధికారి గారూ, జరిగిందంతా రాసి సంతకం చేసిన కాగితం ఇదిగో. ఆ విచారణ మళ్లీ తెరవండి. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే.

తమ్ముడూ, మూడో వరసలో తల దించుకోకు. దించుకోవాల్సింది నేను. ఇలా పైకి రా. అద్దం నేను ఊడదీస్తాను, ఆ మాట కొట్టేసి ముప్పై నాలుగు అని నీ చేత్తో రాయి. కాస్త దారి ఇవ్వండి, వస్తున్నాడు.

ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడూ, నువ్వు అడక్కముందే చెబుతున్నా, నా భోజనం ఇంకా కాలేదు. నీకిష్టమైతే ఇవాళ నీ పక్కన కూర్చుని తింటాను.

సెలవు.