దొరగారి కిటికీ

ఆ కొలత టేపు అవతల పెట్టి కూర్చోరా మనవడా, రోమాస్. ఏంటీ, మూడు కిటికీలూ పీకేసి ఒకటే పెద్ద అద్దం పెడతావా? మాంసం కూరిన కజ్జికాయలమ్మే నీ కిబినాయ్ కొట్టు వీధిలోకి కనబడాలా? పొయ్యిలో మాంసం కాలే వాసన వచ్చాక ఈ త్రాకై ఊళ్ళో ఎవడాగుతాడు, కనబడకపోయినా వస్తారులే. ఈ మూడు కిటికీల్లో ఒకటి దేవుడిది, ఒకటి వీటౌటస్ దొరది, ఒకటి చుట్టాలది. మన కరాయిముల ఇళ్ళన్నిటికీ అంతే. ఎందుకంటావేంట్రా? ఎక్కడో క్రిమియాలో ఉన్న మనవాళ్ళని ఆ దొరే తీసుకొచ్చి, ఇదుగో సరస్సు, ఇదుగో కోట, కాపలా కాసుకుంటూ మీ దేవుణ్ణి మీరు కొలుచుకోండి అన్నాడు. ఆరొందలేళ్ళయింది, ఉన్నామా లేదా? గొప్పోడురా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా ఏలాడు. పాపం, ఎనభయ్యో ఏట రాజుగా పట్టం కట్టడానికి కిరీటం పంపిస్తే దారిలో గిట్టనివాళ్ళు ఆపేశారు. అదిగో వస్తుంది, ఇదిగో వస్తుందని చూసి చూసి ఈ ఊళ్ళోనే పోయాడు. ఆఁ, ఎక్కడున్నాను? కిటికీలు. వీటి మీద మా అమ్మ కథొకటుంది.

మా అమ్మ బియానా. నువ్వు చూళ్ళేదు, బతికిపోయావు. మాట పడితే ఊరుకునే మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగులకి ఈ అద్దాలన్నీ పోయాయి. నేనేమో సైన్యంలో, బతికున్నానో లేదో కబురు లేదు. మా మేనమామ ఇలియాష్ ఎక్కడెక్కడో తిరిగి రెండు కిటికీలకి సరిపడా అద్దం తెచ్చాడు. "దేవుడికొకటి, చుట్టాలకొకటి వేద్దాం అక్కా. దొర పోయి ఐదొందలేళ్ళు దాటింది, ఆయనొచ్చి చూస్తాడా? చుట్టాల కిటికీలోంచైతే మలుపు కనబడుతుంది, నీ కొడుకొస్తే తెలుస్తుంది" అన్నాట్ట. అంతే, అమ్మ లేచిందట. "నా కొడుకు చుట్టమేంట్రా? సిగ్గులేదూ ఆ మాట అనడానికి! చుట్టాలదానికి చెక్కలు కొట్టు, దొరకి అద్దం వెయ్యి." మామయ్య చెక్కలు కొట్టాడు గానీ, చాన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. వీధంతా నవ్వింది, చచ్చిన దొర మీదున్న ప్రేమ కన్నకొడుకు మీద లేదని.

ఇవన్నీ నాకేం తెలుసు? నేను ఇంటికి తిరిగొచ్చేసరికి చలికాలం, మోకాలిదాకా మంచు. మలుపు తిరిగి చూద్దును కదా, అక్కణ్ణించి కనబడే మా చుట్టాల కిటికీకి చెక్కలు. ఇల్లు మూసేశారు, అమ్మ పోయింది అనుకున్నా. ఎలాగో వెళ్ళి తలుపు తోశాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. తిరిగైనా చూడలేదు.

"తలుపెయ్యరా, చలొస్తోంది" అంది.

వేశాను.