సావనీరు ఇరవై ఏడో పేజీ

ప్రింటు తీసేదానికి ఈడ ఏమీ లేదు మామా. పేజీ పాయె. చూడు, నువ్వే చూడు. ‘ఈ పేజీ తొలగించబడినది.’ నిన్న సాయంత్రం దాకా ఆడ నీ పేరుండె.

కూచో ముందు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో నిలబడుకునే వచ్చినట్టుండావ్. శిరివెళ్ల కాడ కూడా సీటు దొరకలేదా? ఆ దగ్గేందీ, రాతిపొడి దగ్గేనా? ఫ్యాను కిందికి జరుగు.

తెలుసు, విగ్రహం పని ఎవురికిచ్చేదీ గడివేముల గుడి కమిటీ రేపే తేల్చేది. ఏడడుగుల ఆంజనేయుడు. నీ ఊపిరికి ఇదే ఆఖరి పెద్ద పని అని అత్త చెప్పింది. అదే పని అడిగే ఇంకో శిల్పికి తన విగ్రహాల రంగుల పుస్తకముంది, నీకు ఇంటర్నెట్ కాగితం ఉంటుందిలే అని మాటిచ్చింది నేనే. యాదుంది.

చీ. ఎవురైనా రాయొచ్చంట ఆ ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో. రాసినాక తెలుస్తుంది, ఎవురైనా చెరిపించొచ్చని. నాతో పాటు ఆ నెల కొత్తగా చేరినోళ్లు పద్దెనిమిది మంది. లెక్కేసినా. నెల తిరిగేసరికి మిగిలింది ముగ్గురు. మిగతా పదిహేను మందీ ఏం తిట్టుకుంటా పోయినారో నాకు ఇప్పుడు అర్థమయితాంది.

మొదటి తప్పు నాదేలే. నువ్వు నరసింహస్వామిని చెక్కిన గుడి ఉంది గదా, రెండువేల నాలుగులో కుంభాభిషేకానికి సావనీరు వేసినారే. దాంట్లో స్వామి ఎత్తు, రాయి యాడ నుంచి తెచ్చినారు, అన్నీ బాగా రాసినారు. మక్కీకి మక్కీ టైపు చేసి పెట్టినా. రెండొందల పన్నెండు మాటలు. నాలుగు గంటల్లో తీసేసినారు. హక్కులు కమిటీవంట. ఊరంతా ఊరికే పంచిన పుస్తకానికి హక్కులేందో.

నీ ఫోటో పెడితే అదీ పాయె. ఫోటోలో ఉండేది నువ్వు, చేతిలో ఉలి నీది, హక్కు మాత్రం స్టూడియోలో మీట నొక్కినోనిదంట.

సరేలే అని సొంత మాటల్లో రాసినా. నలభై మూడు విగ్రహాలు, ముప్పై ఒక్క ఊరు, ఏ ఊర్లో ఏ దేవుడు. అప్పుడొచ్చినాడు ఆ సైటు నిర్వాహకుడు. జీతం లేని పనంట అది, యాడో ఉద్యోగం చేసుకుంటా తీరికున్నప్పుడు ఇది చూస్తాడు. ‘ఈయన ప్రాముఖ్యతకు ఆధారాలు చూపండి, ఏడు రోజులు గడువు’ అని పేజీ నెత్తిన నోటీసు అంటించినాడు. ముప్పై ఒక్క ఊర్లో జనం పొద్దున లేచి నువ్వు చెక్కిన పాదాలకు మొక్కుతాండారు. ఈనికి ప్రాముఖ్యత కావాలంట.

విగ్రహం మీదే పేరుంటుంది, ఫోటో తీసి పంపుతా అని రాసేసినా. రాసినాక తలకు తట్టింది మీ కట్టుబాటు. స్వామికి కళ్లు తెరిపిస్తావ్, అద్దం చూపిస్తావ్, ఉలి సంచిలో వేసుకుని వెనక్కి తిరగకుండా బస్సెక్కుతావ్. దేవుని కింద చేసినోని పేరుండకూడదు అంటావ్. పీఠం మీద దాత పేరు, దాత పెండ్లాం పేరు, దాత బావమరిది పేరు, బెత్తెడు బెత్తెడు అక్షరాలు. అవీ నువ్వు చెక్కినవే. మీ నాయన చెప్పిపోయిన కట్టుబాటు నీ ఒక్కనికేనా మామా?

కోప్పడొద్దు. ఊరికే అన్నా.

ఆరు దినాలు తిరిగినా. గ్రంథాలయంలో పాత పేపర్లన్నీ తిరగేసినా. కుంభాభిషేకం వార్త దొరికింది. వచ్చిన పెద్దోళ్ల పేర్లు పదహారు. వంటల మేస్త్రీ పేరు గూడా వేసినారు. విగ్రహాన్ని ‘ఏర్పాటు చేశారు’ అంట. అదే నడుచుకుంటా వచ్చి కూచున్నట్టు. ఆ గుడి కమిటీ పెద్ద ఆదినారాయణ కాడికి పోతే, ఆచారి చేసినాడని ఊరందరికీ తెలుసు గదప్పా, అచ్చెయ్యాల్సిందేముంది అన్నాడు. ఊరందరికీ తెలిసింది ఆ సైటులో చెల్లదని ఆయనకెట్ల చెప్పేది?

ఆ నిర్వాహకుడూ మరీ రాక్షసుడేం కాదులే. ఆరో దినం ఆయనే రాసినాడు. ‘అచ్చులో ఎక్కడైనా, ఆయనే చెక్కాడని ఒక్క లైను చూపించండి. మిగతాది నేను చూసుకుంటాను.’

ఒక్క లైను.

సావనీరు తెచ్చినావా సంచిలో? తియ్యి. ఇరవై ఏడో పేజీ. కింద చూడు, ఎరువులంగడి ప్రకటన. దాని పైన కృతజ్ఞతలు. మైకుసెట్టు వాళ్లున్నారు, షామియానా వాళ్లున్నారు. నువ్వు లేవు గదా.

ఉంటివి మామా.

ఆ పుస్తకానికి కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చింది నేనే. అప్పటికి నాకు పందొమ్మిదేండ్లు, ప్రెస్సులో కొత్త. మా అక్కను మీ వీధిలో ఇయ్యలే ఇంకా, నువ్వెవురో తెలీదు. నలభై ఎనిమిది పేజీలు దాటకూడదని ఓనరు చెప్పినాడు. కమిటీ వాళ్లు చేత్తో రాసిచ్చిన కాగితంలో ఆఖరున ఉండె: ‘మూలవిరాట్టు శిల్పి ఓబులాచారి, ఆళ్లగడ్డ.’ ఎన్ని రకాలుగా సర్దినా ఆ ఒక్క లైను కిందికి జారి ప్రకటన మీద పడ్తాంది. ప్రకటన కోస్తే అంగడోడు గొడవకొస్తాడు. మైకుసెట్టోడూ వస్తాడు. శిల్పి రాడు అని లెక్కేసినా.

లెక్క తప్పలే.

ఆరు దినాలు ఎవురెవుర్నో తిట్టినా మామా. మొన్న ఆ ఒక్క లైను అన్న మాట చదివినాక నేను తీసేసింది యాదికొచ్చె. ఆయనకు జవాబియ్యలే. ఏమని రాసేది? ఉండె, నేనే తీసేసినా అనా?

ఆయన ఏడు దినాలు నోటీసిచ్చి చెరిపినాడు. నేను అది గూడా ఇయ్యలే.

టీ చెప్పినా. తాగి పో.